రోగి పరిచర్య: ప్రాచీన కాలం నుంచి నేటి వరకు

వైద్య చరిత్ర అనగానే చరకుడు, ఇబ్నె సీనా వంటి మహావైద్యుల పేర్లు మనకు గుర్తుకు వస్తాయి. కాని మందు వ్రాసి ఇచ్చి వైద్యుడు వెళ్ళిపోయిన తరువాత, దానిని వేళకు త్రాగించి, పుండు కడిగి, పక్క మార్చి, రాత్రంతా మేల్కొని కూర్చున్నవారెవరు? వారి చరిత్రను మనం ఎన్నడూ శ్రద్ధగా చదవలేదు.

మన ప్రాచీనులు పరిచర్యను తక్కువగా చూడలేదు. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలు ఉన్నాయని చరక సంహిత చెప్పింది. పరిచారకునికి ఉపచార జ్ఞానం, దక్షత, రోగిపై అనురాగం, శుచిత్వం ఉండాలన్నది. అంటే ప్రేమ ఒక్కటే చాలదు, తెలివి కూడ కావాలి. కోనసీమలోని నగరం గ్రామానికి సమీపాన ఆదుర్రులో ప్రాచీన బౌద్ధ స్తూప శిథిలాలున్నాయి. ఆ బౌద్ధుల వినయ గ్రంథాలలో ఒక ఘట్టం ఉంది. అతిసారంతో పడివున్న ఒక భిక్షువును తోటివారు పట్టించుకోకపోగా, బుద్ధుడే ఆనందునితో కలిసి అతని ఒళ్ళు కడిగాడు. రోగిసేవ నీచమైన పని కాదని చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

కాకతీయ రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం (క్రీ.శ. 1261) కృష్ణాతీరంలోని ఒక శైవమఠానికి ఇచ్చిన దానాలను పేర్కొంటుంది. అందులో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడ ఏర్పాట్లున్నాయి. దాతల పేర్లు రాతిపై నిలిచాయి. ఆ ప్రసూతిశాలలో తల్లులకు పురుడు పోసిన స్త్రీల పేర్లు మాత్రం మనకు అందలేదు.

ఇస్లామీ చరిత్రలో అలాంటి ఒక పేరు నిలిచింది. ఆమె మదీనా అన్సారులలోని అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి). హిజ్రీ 5 (క్రీ.శ. 627)లో జరిగిన ఖందక్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలి రక్తనాళం తెగింది. ఆయనను మస్జిద్ ఆవరణలో రుఫైదా వేసుకున్న గుడారంలో ఉంచవలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించారు. స్వయంగా వెళ్ళి క్షేమం విచారిస్తూ ఉండేవారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు దండయాత్రలలో పాల్గొని, వంట చేసి, గాయపడినవారికి చికిత్స, రోగులకు సేవ చేశారు. గమనించండి, ఆ గుడారం ఊరి చివర లేదు, మస్జిద్ ఆవరణలోనే ఉంది. ఆ సమాజం పరిచర్యకు ఇచ్చిన స్థానం అది.

ఈ భావనే తరువాత బీమారిస్తానులుగా విస్తరించింది. డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లోను, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లోను ఆసుపత్రులు నెలకొల్పారు. కైరో ఆసుపత్రిలో స్త్రీలకు, పురుషులకు వేరువేరు విభాగాలు, సేవకు స్త్రీ పురుష పరిచారకులు ఉండేవారు. మన హైదరాబాదులో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దారుల్‌షిఫాను కట్టించాడు. అక్కడ చికిత్సతోపాటు యునానీ వైద్యవిద్య కూడ సాగింది. ఆ పేట నేటికీ అదే పేరుతో ఉంది.

ఆధునిక నర్సింగుకు ఫ్లారెన్స్ నైటింగేల్ పునాది వేసింది. 1854లో ఆమె చేరిన స్కుటారీ సైనిక ఆసుపత్రి తురుష్క సామ్రాజ్యంలోనిదే. ఆమె ఎంత శ్రమించినా ఆ శీతకాలం మరణాలు ఆగలేదు. 1855 వసంతంలో మురుగుకాలువలు శుభ్రపరచి, గాలి వెలుతురు వచ్చేలా చేశాకనే తగ్గాయి. లెక్కలతో ఈ సత్యాన్ని గ్రహించిన ఆమె 1860లో లండన్‌లో నర్సుల శిక్షణాలయం నెలకొల్పింది. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో శిక్షణ మొదలైంది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. 1947లో చేసిన భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టంతో దేశమంతటా శిక్షణకు ఒకే ప్రమాణం ఏర్పడింది.

ఈ చరిత్ర మనకు దూరపు సంగతి కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా మరణించారు. కాలిన గాయాలతో ఉన్నవారిని అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు చేర్చారు. ఒళ్ళు కాలినవానికి గంట గంటకూ ద్రవాలు ఎక్కించాలి, కట్లు మార్చాలి, చీము పట్టకుండ చూడాలి, బాధతో అరుస్తుంటే ఓర్పుతో పలకాలి. అదంతా నర్సు చేతిలోని పని. 2020లో కరోనా వచ్చి, కన్నబిడ్డలు సైతం దగ్గరకు రాలేనప్పుడు మంచం ప్రక్కన నిలిచినదీ ఆ చేతులే.

అయినా మన ఇళ్ళలో అమ్మాయి నర్సింగు చదువుతానంటే పెద్దలు ముఖం చిట్లించడం, పెళ్ళి సంబంధాలకు అడ్డమని వెనుకాడడం ఇంకా పోలేదు. ఆపదలో ఆమె కావాలి, సంబంధానికి మాత్రం ఆమె వద్దు! ఇది న్యాయమా? హజ్రత్ రుఫైదా (రజి) పేరును సభలలో గర్వంగా తలచుకునే మనం, ఆమె బాటన నడవాలనుకునే బిడ్డకు దారి మూసివేయరాదు. చరకుడు కోరిన జ్ఞానం నేడు కళాశాలలలో లభిస్తున్నది. అనురాగం ఆ బిడ్డ తనవెంట తెచ్చుకుంటుంది. గౌరవం ఒక్కటే మనం ఇవ్వవలసి ఉంది.