పెరటి వన్యప్రాణి పరిశీలనము (ఉత్తరాంధ్రము)

ఇంటి పెరటను, కల్లపు గట్టున, వీధి చెట్లపైన సంచరించు వన్యప్రాణులను వేటాడక, పట్టి బంధింపక, వాని నడవడిని ఓర్పుతో కనిపెట్టి గుర్తించు విద్యకు పెరటి వన్యప్రాణి పరిశీలనమని పేరు. శ్రీకాకుళము జిల్లాలో ఈ విద్య కెమేరాలు, డ్రోనులు మొదలగు యంత్రములకంటె మిక్కిలి ప్రాచీనమైనది. టెక్కలి మండలమునందలి తేలినీలాపురమున గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును, ఇచ్ఛాపురము చెంతనున్న తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలును ఏటేట వచ్చి, ఊరి చెట్లపై గూండ్లు కట్టి, పిల్లలు రెక్కలు వచ్చి యెగిరిన పిమ్మట మరలిపోవును. రెట్టల కంపును, రేయింబవళ్ల రొదను సహించి, పక్షులు వచ్చిన యేడు వానలు కురిసి పంట పండునని విశ్వసించి, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలవలె వానిని ఆదరించు ఆ గ్రామస్థులే ఈ ప్రాంతపు తొలి పరిశీలకులు. ఇవి సైబీరియానుండి వచ్చునను వాడుక మాత్రము సరికాదు. మూడును ఉష్ణదేశపు జాతులే, నీటిని మేతను వెదకుకొనుచు తావులు మార్చునవి.

లిఖిత చరిత్రలో ముఖ్యుడు టి. సి. జెర్డన్. మదరాసు సైన్యమున వైద్యుడుగా 1836లో వచ్చి, గంజాము ప్రాంతమున నియుక్తుడై, జ్వరపీడితులైన సైనికులకు చికిత్స చేయుచునే ఆయన తూర్పు కనుమల పక్షులను పరిశీలించెను; ఇచ్ఛాపురము నాడు గంజాము జిల్లాలోనిదే. నత్తగుల్ల కొంగ కన్నులకు గంత కట్టినను నత్తను గుల్లనుండి వెలికి తీయగలదని ఆయన గుర్తించిన విషయము నేటికిని ఆశ్చర్యకరము. ముక్కు మూసినను దాని రెండు దవడల నడుమ సందు మిగిలియుండును. ఆ సందు అడకత్తెరవలె గుల్లను పగులగొట్టుటకేయని జూలియన్ హక్స్‌లీ వంటి శాస్త్రజ్ఞుడు సైతము తలంచెను; కాని పక్షి తన పనిని బురదనీటి క్రిందనే ముగించుటచే కంటికి ఏమియు చిక్కకుండెను. క్రింది దవడ కొన తరచుగా కుడివైపునకు మెలితిరిగియుండి, గుల్ల ద్వారమున దూరి, నత్త శరీరమును లాగివేయునని తరువాతి పరిశీలనములు తేల్చినవి. నిదానముగా చూచుటయే శాస్త్రమునకు మూలమనుటకు ఇంతకుమించిన నిదర్శనము నాకు కనబడదు.

ఛాయాగ్రహణము ఈ విద్యలో ప్రవేశించుట పంతొమ్మిదవ శతాబ్ది చివరి మాట. ఇంగ్లండున కీర్టన్ సోదరులు 1892లో గ్రుడ్లతోకూడిన పక్షిగూటిని చిత్రించిరి. మనదేశమున అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, జంతువు తీగను తాకినంతనే తనంతట తాను చిత్రము తీయు కెమేరాలను అడవిలో అమర్చి, ఆ ఫలితములను 1927లో గ్రంథరూపమున ప్రకటించెను. నేటి ట్రాప్ కెమేరాలకు తీగతో పనిలేదు. ఎదుట కదలు దేహపు వేడిమిని పసిగట్టి అవి పనిచేయును. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున పులి ఉనికిని పట్టియిచ్చినవి ఇవియే. పిమ్మట పులిభయము విజయనగరము జిల్లా పల్లెలకు ప్రాకినప్పుడును అడుగుజాడల పరీక్షతోపాటు వీనినే నమ్ముకొనవలసివచ్చెను.

డ్రోనుల ఉపయోగము ఇంకను నూతనము. కొమ్మల చివరనుండు గూండ్లు నేలనుండి సరిగా కానరావు. పైనుండి తీసిన చిత్రమున గ్రుడ్లను సైతము లెక్కింపవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చెట్లను కూల్చి పక్షులను బలిగొన్నప్పటివంటి విపత్తులయందు మిగిలిన గూండ్లెన్నియో తెలిసికొనుటకు ఇంతకంటె శీఘ్రమైన సాధనము లేదు. అయినను, యంత్రపు రెక్కల మ్రోతకు బెదరి తల్లిపక్షి లేచినంతనే కాకి గ్రుడ్లను తన్నుకొనిపోవును, రెక్కలురాని పిల్లలు ఎండకు వాడి, బెదరి గూటినుండి జారిపడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను గూండ్లను కలతపెట్టుటను వేటయను నిర్వచనములోనే చేర్చినది. 2021 డ్రోను నియమములు 250 గ్రాములకు మించని యంత్రములకు పైలటు లైసెన్సును మినహాయించినను, ఆ చట్టమునుండి ఎవ్వరికిని మినహాయింపు నీయలేదు. కావున గూండ్లు కట్టు దినములలో డ్రోను నెగురవేయగోరువారు అటవీశాఖ అనుమతిని ముందుగా పొంది, పక్షి తల యెత్తి చూచిన క్షణముననే యంత్రమును వెనుకకు మరల్పవలెను.