టర్బైను కారు: మూడు నెలల ముచ్చట

మోటారు కారు ఉన్నవారికి దానిని గురించి చెప్పుకొనే జ్ఞాపకాలు ఉండడం సహజం. నలుగురి దగ్గర లేని కారైతే ఆ జ్ఞాపకాలకు మరింత విలువ. కాని అమెరికాలో 203 మంది చెప్పుకొన్న ఒక కారు కథ వీటన్నిటికన్న వింతైనది. ఆ కారు వారి సొంతం కాదు. కొందామన్నా అమ్మేవారు లేరు. ఒక్కొక్కరి ఇంట అది మూడు నెలలు మాత్రమే ఉన్నది. ఆ తరువాత తయారు చేసినవారే ఆ కార్లలో అధిక భాగాన్ని ధ్వంసం చేశారు. అయినా వాటిని నడిపినవారు నలభై ఏళ్ళు దాటిన తరువాత కూడా వాటి చప్పుడును, నడకను మరచిపోలేదు. అది 1963లో క్రైస్లర్ కంపెనీ రోడ్డు మీదికి తెచ్చిన టర్బైను కారు.

అంత మెచ్చుకొన్న కారు ఎందుకు నిలువలేదు? మెచ్చుకొన్నవారు పొరబడ్డారా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ముందు ఆ యంత్రం సంగతి తెలుసుకోవాలి.

ఆకాశం నుండి రోడ్డు మీదికి

వేడి వాయువులతో చక్రాన్ని తిప్పి పని చేయించుకోవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. 1791లోనే ఇంగ్లండులో జాన్ బార్బర్ అనే ఆయన ఇటువంటి యంత్రానికి పేటెంటు పొందాడు. కాని అంత వేడిని తట్టుకొనే లోహాలు ఆనాడు లేవు. 1930లో ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజనుకు పేటెంటు కోరాడు. 1939 ఆగస్టులో జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ రూపొందించిన ఇంజనుతో తొలి జెట్ విమానం ఎగిరింది. యుద్ధం ముగిసేసరికి గాస్ టర్బైను ఆకాశాన్ని జయించింది. ఇక రోడ్డు మాత్రం ఎందుకు మిగలాలని ఇంజనీర్లు అనుకొన్నారు.

ఇంగ్లండులోని రోవర్ కంపెనీ 1950లో జెట్-1 అనే కారును ప్రదర్శించింది. ప్రపంచంలో గాస్ టర్బైనుతో నడిచిన మొదటి కారు అదే. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ జార్జి హ్యూబ్నర్ నాయకత్వంలో పరిశోధన సాగించి, 1954లో ఒక ప్లిమత్ కారులో టర్బైనును అమర్చింది. 1956 మార్చిలో ఇటువంటి కారు న్యూయార్కు నుండి లాస్ ఏంజిలిస్ వరకు, సుమారు 4,800 కిలోమీటర్లు, నాలుగు రోజులలో నడిచింది. యంత్రం పనిచేస్తుందని రుజువైనది. కాని ఇంజనీరు నడిపితే నడిచిన కారు, కూరగాయలకు బజారుకు పోయే గృహిణి నడిపితే నడుస్తుందా? అది తేలవలసి ఉన్నది.

ఎదురెదురుగా రెండు పంకాలు

మామూలు పెట్రోలు ఇంజనులో పిస్టను సిలిండరులో పైకి, కిందికి కదులుతుంది. ఆ రాకపోకలను ఇరుసు తిరుగుడుగా మార్చాలి. పిస్టను ప్రతిసారీ ఆగి, దిశ మార్చుకొని, మళ్ళీ పరుగెత్తుతుంది. కారులో మనకు తెలిసే కంపనానికి ముఖ్యమైన కారణం ఇదే.

టర్బైనులో రాకపోకలు లేవు, అంతా తిరుగుడే. ముందుగా ఒక రెక్కల చక్రం బయటి గాలిని లోపలికి లాగి, సుమారు నాలుగు రెట్ల ఒత్తిడికి నొక్కుతుంది. ఇదే కంప్రెసరు. ఆ గాలి దహన పేటికలోకి పోతుంది. అక్కడ సన్నగా చిమ్మిన ఇంధనం ఎడతెగకుండా మండుతూ ఉంటుంది. 900 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వాయువులు బయటికి దూకుతూ మొదటి టర్బైను చక్రాన్ని తిప్పుతాయి. ఈ చక్రం సంపాదించిన శక్తి అంతా కంప్రెసరును నడపడానికే సరిపోతుంది. మిగిలిన వాయువులు రెండవ టర్బైను చక్రాన్ని తిప్పుతాయి. కారు చక్రాలకు కదలిక ఇచ్చేది ఈ రెండవదే.

ఈ రెండు టర్బైన్ల మధ్య ఇరుసు లేదు, గొలుసు లేదు. ఉన్నది వాయువు ఒక్కటే. దీనిని తరగతి గదిలో సులభంగా చూపవచ్చును. తీగల పంజరాలు ఉన్న రెండు బల్ల పంకాలను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికి మాత్రమే విద్యుత్తు ఇవ్వండి. రెండవ దాని రెక్కలు కూడా తిరగసాగుతాయి. రెండవది తిరగకుండా ఉన్నా మొదటిది ఆగిపోదు. టర్బైను కారులో జరిగేదీ ఇదే. కారు ఆగి ఉన్నా మొదటి టర్బైను తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల క్లచ్చి అవసరం లేదు. ఇంజను హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం లేదు. అంతేకాదు, టార్కు, అనగా ఇరుసును మెలితిప్పే బలం, కారు కదలబోయే క్షణంలోనే అత్యధికంగా ఉంటుంది.

ఇంత వేడి వాయువులు వెనుక గొట్టం నుండి వస్తే వెనుక నిలిచినవారి గతి ఏమిటి? రోడ్డు మీద తారు కరగదా? ఆ రోజులలో చాలామందికి కలిగిన భయం ఇది. దీనికి పరిష్కారంగా ఇంజనుకు రెండు వైపులా రీజనరేటర్లు అనే జల్లెడ వంటి చక్రాలను అమర్చారు. ఇవి నెమ్మదిగా తిరుగుతూ, బయటికి పోయే వాయువుల నుండి వేడిని గ్రహించి, లోపలికి వచ్చే చల్లని గాలికి అందిస్తాయి. దీనివల్ల రెండు లాభాలు: ఇంధనం ఆదా అవుతుంది, గొట్టం నుండి వచ్చే వాయువు మామూలు కారు పొగకన్న చల్లగా ఉంటుంది.

ఈ ఇంజను బరువు సుమారు 186 కిలోగ్రాములు, శక్తి 130 అశ్వశక్తులు. కదిలే భాగాలు మామూలు ఇంజనులో సుమారు 300 ఉంటే, ఇందులో 60 మాత్రమే. స్పార్కు ప్లగ్గు ఒక్కటే. రేడియేటరు లేదు, నీరు పోసే పని అంతకన్నా లేదు.

ముప్పైవేల ఉత్తరాలు

1963 మే నెలలో కారును ప్రజలకు చూపించారు. వంకాయ రంగుకు, నారింజ రంగుకు కాక, కాల్చిన కంచు రంగులో మెరిసే ఆ కారుకు పై శరీరాన్ని ఇటలీలో ట్యూరిన్ నగరంలోని గియా సంస్థ చేతిపనితో తయారు చేసింది. ప్రజల వాడుకకు 50 కార్లు, అంతకు ముందు నమూనాలుగా 5, మొత్తం 55 తయారైనాయి. వాటిని నడిపి చూస్తామని సుమారు ముప్పైవేల మంది కంపెనీకి ఉత్తరాలు వ్రాశారు.

వారిలో 203 మందిని ఎన్నుకొన్నారు. వారు 48 రాష్ట్రాలలో 133 ఊళ్ళకు చెందినవారు. వయస్సు 21 నుండి 70 వరకు. ఒక్కొక్కరికి కారును మూడు నెలలు ఉచితంగా ఇచ్చారు. ఇంధనం ఖర్చు వారిది, మరమ్మతుల బాధ్యత కంపెనీది. కారు ఎలా నడిచిందో ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టడం వారి పని. 1963 అక్టోబరులో మొదలైన ఈ ప్రయోగం 1966 జనవరిలో ముగిసింది. ఆ కార్లు మొత్తం మీద పదిలక్షల మైళ్ళకు పైగా, అనగా 16 లక్షల కిలోమీటర్లను మించి తిరిగాయి. ఒక కొత్త యంత్రాన్ని ఇంతమంది సామాన్యుల చేతికిచ్చి పరీక్షించడం అరుదైన సంగతి.

నడిపినవారి మాట

ఈ కారును వాడినవారిలో కొందరిని స్టీవ్ లెహ్టో అనే రచయిత వెదకి పట్టుకొని, వారి అనుభవాలను 2010లో వెలువడిన తన పుస్తకంలో చేర్చాడు. నడిపినవారి జ్ఞాపకాలలో ముందుగా వచ్చేది జనం. కారు ఎక్కడ ఆగినా చుట్టూ జనం మూగేవారు. ఇంధనం పోయించుకొందామని ఆగితే వచ్చిన ప్రశ్నలన్నిటికి జవాబు చెప్పి బయటపడడానికే చాలా సేపు పట్టేది. తరువాత చప్పుడు. అది పిస్టను ఇంజను గుడగుడ కాదు, దూరాన జెట్ విమానం ఈల వంటిది. కొందరికి అది సంగీతం. కొందరికి ఇల్లు ఊడ్చే విద్యుత్ యంత్రపు రొద.

అందరూ మెచ్చుకొన్నది నడకలోని నున్నదనం. కంపనం లేదు. గడ్డకట్టే చలిలోనూ ఇంజను వెంటనే అందుకొనేది. డీజిలు, కిరసనాయిలు, వంటనూనె, ఏది పోసినా మండేది. మెక్సికో అధ్యక్షుడు అడాల్ఫో లోపెజ్ మతియోస్ కోరికపై ఆ దేశపు సారాయి అయిన టెకీలాతో కూడా నడిపి చూపించారని ప్రసిద్ధి. విచిత్రమేమంటే, ఆనాడు అమెరికాలో ప్రతి బంకులోనూ దొరికే ఇంధనమే దీనికి పనికిరాలేదు. ఆ పెట్రోలులో కలిపే సీసం టర్బైను రెక్కల మీద పేరుకొనేది.

మెప్పుతోపాటు ఫిర్యాదులు కూడ వచ్చాయి. ముఖ్యమైనవి రెండు. ఆక్సిలరేటరు తొక్కిన తరువాత కారు ఊపందుకోవడానికి ఒకటి, ఒకటిన్నర సెకను ఆలస్యమయ్యేది. ఇంధనం అనుకొన్నదానికన్న ఎక్కువ ఖర్చయ్యేది.

లోపం ఎక్కడ?

ఈ రెండు ఫిర్యాదులకూ మూలం టర్బైను స్వభావంలోనే ఉన్నది.

కుమ్మరి సారెను చూడండి. ఒకసారి తిరగడం మొదలుపెడితే చాలాసేపు తిరుగుతుంది. కాని దానిని ఆ వేగానికి తేవడానికి సమయం పడుతుంది. దీనికి కారణం జడత్వం. టర్బైను కూడ అంతే. ఆగి ఉన్న కారులో అది నిమిషానికి సుమారు 20,000 చుట్లు తిరుగుతుంది. పూర్తి శక్తికి 44,600 చుట్లు తిరగాలి. ఆ వేగాన్ని పుంజుకొనేవరకు నడిపేవాడు ఓపిక పట్టవలసినదే. 1950లలోని మొదటి యంత్రాలలో ఈ ఆలస్యం ఏడు సెకన్ల దాకా ఉండేది. దానిని ఒకటిన్నరకు తగ్గించడం గొప్ప విజయమే. కాని ఎదురుగా వచ్చే బండిని తప్పించుకోవలసినవాడికి ఆ ఒకటిన్నర సెకను కూడ ఎక్కువే.

ఇక ఇంధనం. నాలుగు రోడ్ల కూడలిలో ఆగిన మామూలు కారు ఇంజను నిమిషానికి ఆరేడు వందల చుట్లతో కునుకు తీస్తూ ఉంటుంది. టర్బైనుకు అటువంటి కునుకు లేదు. నిలిచి ఉన్నపుడు కూడ సగానికి దగ్గరగా వేగాన్ని నిలుపుకోవాలి. దానికి ఇంధనం తగలబెట్టాలి. అయితే ఉష్ణయంత్రపు దక్షతను పెంచాలంటే ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి. పెట్రోలు ఇంజనులో మంట ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలను దాటుతుంది; కాని అది క్షణికం, వెంటనే చల్లని గాలి లోపలికి వస్తుంది. టర్బైను రెక్కకు ఆ విరామం లేదు. నిరంతరం మంటలోనే ఉండాలి. కనుక రెక్క లోహం ఎంత వేడికి ఓర్చుకోగలదో అంతవరకే ఉష్ణోగ్రతను పెంచవచ్చును. పైగా చక్రం చిన్నదైనకొద్దీ రెక్కల అంచుకు, గొట్టానికి మధ్య ఉండే సందు గుండా వృథాగా పోయే వాయువు పాలు పెరుగుతుంది.

విమానం గంటల తరబడి ఒకే వేగంతో పోతుంది. విద్యుత్కేంద్రంలోనూ యంత్రం నిలకడగా తిరుగుతుంది. కృష్ణా–గోదావరి ప్రాంతపు సహజవాయువుతో నడిచేందుకు విజ్జేశ్వరంలో 1990లలో నిర్మించిన కేంద్రంలో ఉన్నవి గాస్ టర్బైన్లే. అక్కడ బయటికి పోయే వేడితో నీటిని ఆవిరి చేసి మరికొంత విద్యుత్తును తీసే ఏర్పాటు చేశారు. కారు బ్రతుకు అటువంటిది కాదు. క్షణంలో పరుగెత్తాలి, మరుక్షణంలో ఆగాలి. యంత్రం గొప్పదే, అప్పగించిన పని దానికి తగినది కాదు.

1970లో అమెరికా గాలి కాలుష్యంపై కఠినమైన చట్టం చేసింది. టర్బైను మంటలో నైట్రజన్ ఆక్సైడులు ఎక్కువగా పుట్టడం మరొక చిక్కు అయినది. 1970లలో ప్రభుత్వ సహాయంతో పరిశోధన కొనసాగింది. 1979లో క్రైస్లర్ కంపెనీ దివాలా అంచుకు చేరి, ప్రభుత్వ హామీతో అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ తరువాత కొద్దికాలానికే కారు టర్బైను కథ ముగిసింది.

మిగిలినవి తొమ్మిది

55 కార్లలో 46 కార్లను ప్రయోగం ముగిశాక కాల్చి, నలగగొట్టారు. ఇటలీ నుండి వచ్చిన శరీరాలపై దిగుమతి సుంకం తప్పించుకోవడానికని కొందరు, మరమ్మతు చేయలేని కార్లు పరాయివారి చేతిలో పడి పేరు చెడగొడతాయన్న భయంతోనని కొందరు అంటారు. మిగిలిన తొమ్మిదిలో అధిక భాగం మ్యూజియాలకు చేరాయి. ఒకటి జే లెనో అనే ప్రసిద్ధ టెలివిజన్ హాస్యనటుని వద్ద ఉన్నది. వీటిలో కొన్నిటిని ఈ శతాబ్దంలో కూడ నడిపి చూపించారు.

ఇటువంటి కథ మరొకటి కూడ జరిగింది. జనరల్ మోటార్సు 1996 నుండి 1999 వరకు ఈవీ-1 అనే విద్యుత్ కార్లను 1,117 తయారు చేసి, అద్దెకు మాత్రమే ఇచ్చింది. 2003లో వాటిని వెనక్కు రప్పించి, చాలా భాగాన్ని నలగగొట్టింది. కొంటామని వాడినవారు బ్రతిమాలినా ఇవ్వలేదు. కాని విద్యుత్ కారు మరణించలేదు. బాటరీలు మెరుగుపడగానే తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఆ 203 మంది మెచ్చుకొన్న గుణాలను మళ్ళీ చూడండి. కంపనం లేకపోవడం, కొద్దిపాటి కదిలే భాగాలు, చలిలోనూ వెంటనే కదలడం, ఆగి ఉన్న స్థితిలోనే అత్యధికమైన టార్కు. ఇవన్నీ నేటి విద్యుత్ మోటారు ఇస్తున్నది. వారు ఫిర్యాదు చేసిన ఆలస్యం దానికి లేదు. కూడలిలో ఆగినపుడు అది శక్తిని ఊరక తినదు. కనుక 1964లో వారు పొరబడలేదు. కారులో ఏ గుణాలు కావాలో సరిగానే చెప్పారు. ఆ గుణాలు వచ్చినది మాత్రం మరొక యంత్రం ద్వారా.

ప్రయోగం విఫలమైతే పరికరాన్ని పారవేయడం సులభం. కాని వ్రాసుకొన్న అంకెలు ఎన్ని ఉన్నా, ఆ యంత్రం ఎలా నడిచిందో, ఎలా పలికిందో యంత్రమే చెప్పాలి. నేటి విద్యార్థి ఆ ఈలను వినగలుగుతున్నాడంటే, అది తొమ్మిది కార్లను నలగగొట్టకుండా విడిచిపెట్టినందువల్లనే. ప్రతి కళాశాల ప్రయోగశాలలోనూ ఒక మూల పనికిరాని పరికరాలు దుమ్ము పట్టి ఉంటాయి. వాటిని పాత ఇనుము క్రింద అమ్మేముందు, అవి ఏ పని చేయబోయి ఎందుకు చేయలేకపోయాయో ఒకసారి విద్యార్థుల చేత వ్రాయించడం మంచిది. గెలిచిన యంత్రం దారి చూపుతుంది; ఓడిన యంత్రం ఆ దారి ఎందుకు సరియైనదో చెబుతుంది.