జమ్మిపూత లోపలి పసుపు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ‘గాఫ్’ అనే చెట్టు మరేదో కాదు, మన జమ్మే. ఆ దేశం 2008లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2014లో తెలంగాణకు అదే రాష్ట్ర వృక్షమైంది. రెండుచోట్లా దాని గౌరవం పాతది. ఇసుకలో సంచారజీవులైన బెదూయిన్లకు నీడ, ఒంటెలకు మేత. మనకు పాండవులు ఆయుధాలు దాచిన శమీవృక్షం. రాజస్థాన్‌లోని ఖేజడ్లీలో 1730లో ఈ చెట్ల కోసం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఇంతటి చరిత్రలో దాని పువ్వు ఊసు మాత్రం దాదాపు లేదు. వేలెడు పొడవున, లేతపసుపు కుచ్చులా వేలాడే ఆ పూత మీద చూపు నిలిపింది రసాయన శాస్త్రమే.

అదీ ఆలస్యంగానే. 1936లో హంగేరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గి నిమ్మజాతి పండ్లలోని ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాలకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. 1960లలో జమ్మిపూలలో పాటులిట్రిన్ అనే ఫ్లేవనాయిడ్ బయటపడింది. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌కు ఆరో స్థానంలో మిథాక్సీ గుంపు తగిలితే పాటులెటిన్. దాని ఏడో స్థానంలో గ్లూకోజు చేరితే పాటులిట్రిన్. ఈ పేర్లు ‘టజెటిస్ పాటులా’ అనే బంతిజాతి నుంచి వచ్చాయి. దసరానాడు గుమ్మానికి బంతిమాల కట్టి, జమ్మాకును బంగారమని పంచుకుంటాం. మెక్సికో నుంచి వచ్చిన ఆ బంతిమొక్కలోనూ, మన పొలంగట్టు చెట్టు పూతలోనూ ఒకే పదార్థం ఉండడం నాకెంతో అబ్బురం.

మొక్కకు దానితో పనేమిటి? 1972లో అమెరికా శాస్త్రవేత్తలు రడ్‌బెకియా అనే పసుపు పువ్వులో ఇదే పాటులిట్రిన్‌ను గుర్తించారు. రేకుల మొదట్లో అది అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి రేకంతా ఒకే పసుపు. తేనెటీగకు మాత్రం నడుమ ముదురు వలయం కనిపించి, మకరందం ఎక్కడుందో చెబుతుంది. జమ్మిపూతలోనూ అదే పని చేస్తోందని చెప్పడానికి ఇది చాలదు. అక్కడ విడిగా పరిశీలించాల్సిందే.

ప్రయోగాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పాటులిట్రిన్ కొంత ప్రభావం చూపింది. అంతమాత్రాన మందు అయిపోదు. జమ్మిపూల కషాయం అమ్మేవాళ్ళ మాట నమ్మి వైద్యం మానుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఎమిరేట్స్ 2019ని ‘సహన సంవత్సరం’గా జరుపుకున్నప్పుడు చిహ్నంగా నిలిచింది గాఫే. అనుమతి లేకుండా దాన్ని నరకడం అక్కడ నిషిద్ధం. దసరాకు అక్కడి తెలుగువాళ్ళు కొమ్మ విరవకుండా చెట్టు దగ్గరే దణ్ణం పెట్టుకోవడం మేలు. పూత చూడాలంటే మాత్రం మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్ళీ వెళ్ళాలి.