వాచిన చీలమండలు: అవినాశి మెట్ట, సర్కారు కోస్తా

చీలమండ చుట్టూ నీరు చేరి, వేలితో నొక్కితే సొట్ట పడి, ఆ సొట్ట కాసేపటిదాకా పూడకుండా ఉంటే దాని వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. రోజంతా నిలబడి చేసే పని, నెలలు నిండుతున్న గర్భం, ఉబ్బిన సిరలు, గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు, కాలేయం చెడడం, రక్తంలో మాంసకృత్తులు తగ్గడం, రక్తపోటుకు వాడే కొన్ని మందులు ఇవన్నీ కాళ్లకు నీరు దించుతాయి. ఒక్క కాలే వాస్తే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని, బోదకాలేమోనని చూడాలి. వీటితోపాటు తెలుగు తీరంలో నూరేళ్లకు పైగా వేలమంది కాళ్లను వాపెక్కించిన కారణం మరొకటి ఉండేది. దాని పేరు బెరిబెరి. అది ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్న దానిలోనే దాని మూలం దాగి ఉంది.

బెరిబెరి రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకదానిలో అరికాళ్లు మొద్దుబారతాయి, పిక్కలు నొక్కితే నొప్పెడతాయి, పాదం పైకి లేవక మనిషి కాలు ఈడుస్తూ నడుస్తాడు. రెండోదానిలో గుండె దెబ్బతింటుంది. మొదట చీలమండల దగ్గర వాపు మొదలై, పిక్కలకు, తొడలకు పాకి, ఆయాసం పెరిగి, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. రెండు రూపాలకూ మూలం థయమిన్ అనే బి1 విటమిన్ లోపమే. పిండిపదార్థం నుంచి ఒంటికి శక్తి రావాలంటే ఈ విటమిన్ కావాలి. అది అందకపోతే చిన్న రక్తనాళాలు వదులై, గుండె అలసి, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలుపుకుంటాయి. ఆ నీరు నేలకు దగ్గరగా ఉండే చీలమండల్లో ముందుగా దిగుతుంది.

కోయంబత్తూరుకు ఈశాన్యాన, పాటల్లో కీర్తి పొందిన శివాలయం ఉన్న అవినాశి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు విజయనగర, మదుర నాయకుల కాలం నుంచి స్థిరపడుతూ వచ్చాయి. సేద్యం చేసే కమ్మ నాయుళ్లు, మగ్గం నేసే దేవాంగులు, తోలుపని, పొలం కూలి చేసే అరుంధతీయులు వారిలో ముఖ్యులు. తమిళులు వీళ్లను వడుగర్లు అన్నారు. ఇది వాన తక్కువ కొంగునాడు. బావి నీటితో పండే తోటలు కొన్ని ఉన్నా ఎక్కువ భూమి మెట్టే. సజ్జ, జొన్న, రాగి, ఉలవ, పత్తి ఇక్కడి పంటలు. వాటితోనే సంకటి, అంబలి. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో వండేది. ఆ వరి కూడా ఎక్కువ ఇళ్లలో ఉప్పుడు బియ్యమే.

ఇదే భాష మాట్లాడే జనం గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కార్లలో పచ్చి బియ్యం తిన్నారు. ధాన్యాన్ని ఉడికించకుండా ఎండబెట్టి దంచితే వచ్చేది పచ్చి బియ్యం. భారతదేశంలో బెరిబెరి ఏళ్ల తరబడి పాతుకుపోయిన ప్రాంతంగా వైద్యగ్రంథాలకు ఎక్కింది ఈ తీరమే. అవినాశి అప్పుడున్న కోయంబత్తూరు జిల్లా ఆ పటంలో లేదు.

ఈ జబ్బు మీద తొలి పెద్ద గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. రాసినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్. సర్కార్లలో కాపలా ఉన్న సిపాయిల్లో జబ్బు ఎలా మొదలవుతుందో, సముద్రతీరానికి దగ్గరగా ఎందుకు ఎక్కువో ఆయన ఓపిగ్గా పరిశీలించాడు. కారణం మాత్రం ఆయనకు దొరకలేదు. నేల, తేమ, గాలి మీదే ఆ కాలపు వైద్యుల అనుమానం ఉండేది. అలా అనుకోవడానికి ఆధారమూ ఉంది. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ జబ్బు తగ్గింది. లోపలికి వెళ్లేకొద్దీ వరి తగ్గి జొన్న పెరుగుతుందన్న సంగతి పక్కనే ఉన్నా దాని వైపు చూపు పోలేదు.

ఆ కాలపు మందులు అప్పటి నమ్మకాలకు తగ్గట్టే ఉండేవి. దొర వైద్యులు రక్తం తీసేవారు, పాదరసం మందులిచ్చేవారు. రెండూ నీరసించిన గుండెకు చేటే. స్థానిక మందుల్లో రెండింటికి పేరుండేది. మచిలీపట్నం వైపు వాడిన త్రియాక్ ఫరూక్ అనే లేహ్యం ఒకటి. ఐరోపాలో శతాబ్దాలపాటు సర్వరోగ నివారిణిగా చలామణీ అయిన వెనిస్ లేహ్యం కోవకు చెందిందది. రెండోది నల్ల నూనె. మాలకంగుని గింజలకు లవంగాలు, జాజికాయ, జాపత్రి, సాంబ్రాణి చేర్చి, బట్టీపెట్టి తీసేవారు. చుక్కల లెక్కన ఇస్తే చెమట పట్టి, మూత్రం ఎక్కువగా పోయి వాపు దిగేది. ఆ దిగడం నిజమే కానీ తాత్కాలికం. ఒంట్లో లేని విటమిన్‌ను ఆ నూనె తెచ్చిపెట్టలేదు. దాన్ని కాచినవాళ్ల శ్రద్ధను మాత్రం శంకించనక్కర్లేదు.

కలకత్తాలో 1877 నుంచి కనిపించిన మరో కాళ్ల వాపు ఈ చిక్కును ఇంకా పెంచింది. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల వచ్చే ఆ జబ్బును చాలాకాలం బెరిబెరితో కలిపి చెప్పుకొన్నారు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె వాడే దక్షిణాదిలో దాని బెడద తక్కువ.

మూలం బయటపడింది సముద్రం అవతల. జపాన్ నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో 1880లలో నావికుల తిండి మార్చి జబ్బును దాదాపు లేకుండా చేశాడు. తెల్ల బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేవడం జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ చూశాడు. తెలుగు, తమిళ పాఠకులకు మరింత దగ్గరి సాక్ష్యం మలయాలో దొరికింది. తగరపు గనుల్లో పనిచేసే చీనా కూలీలు సయాం నుంచి వచ్చిన పచ్చి బియ్యం తిని కుప్పలుగా జబ్బుపడుతుంటే, అదే దేశంలో ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలు దాదాపు క్షేమంగా ఉన్నారని వైద్యుడు డబ్ల్యూ. ఎల్. బ్రాడన్ 1907లో పుస్తకం రాశాడు. 1909లో ఫ్రేజర్, స్టాంటన్ దాన్ని ప్రయోగంతో నిలబెట్టారు. 1926లో యాన్సెన్, డోనాత్ ఆ విటమిన్‌ను తవుడు నుంచి వేరుచేశారు. 1936లో రాబర్ట్ విలియమ్స్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు.

ఈ పరిశోధన భారతదేశంలో నడిచిన చోటు అవినాశికి దూరం కాదు. అన్నూరు మీదుగా మేట్టుపాళయం చేరి, నీలగిరి ఘాటు ఎక్కితే కూనూరు. అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో 1918లో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. కొండకింద కోయంబత్తూరులో వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి. విశ్వనాథ్‌తో కలిసి, పశువుల ఎరువు వేసిన పైరుకూ రసాయన ఎరువు వేసిన పైరుకూ గింజ బలంలో తేడా ఉందా అని మెక్‌కారిసన్ 1920లలో పరీక్షించాడు. తర్వాత 1935లో వచ్చిన డబ్ల్యూ. ఆర్. ఐక్రాయిడ్, ఆయన సహచరులు వరి సంగతిని చివరిదాకా తవ్వారు. వారి నివేదిక 1940లో వెలువడింది.

వాళ్లు చూసింది ప్రయోగశాల ఎలుకలనే కాదు, వంటింటినీ. సర్కారు జిల్లాల ఇంట్లో ధాన్యాన్ని రోట్లో పోసి రోకలితో దంచి, చేటతో చెరిగి ఊక తీసేవారు. ఒంటిపోటు బియ్యం ఎర్రగా, తవుడు అంటుకుని ఉంటుంది. ముప్పోటు వేస్తే మల్లెపువ్వులా తెల్లబడుతుంది. తవుడుతోపాటు విటమిన్ కూడా గొడ్ల తొట్టికి పోతుంది. తెల్లబియ్యాన్ని రెండు మూడు నీళ్లతో కడిగి ఆ కడుగు కుడితిలో పోస్తారు. ఎసట్లో ఉడికాక గంజి వార్చేస్తారు. విటమిన్ నీటిలో కరిగేది కాబట్టి మిగిలిన కాస్తా ఆ రెండు నీళ్లలో పోతుంది. మర వచ్చాక ముప్పోటు పని క్షణాల్లో అయింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టా అంతా వరిమడి అయింది. ఇరవయ్యో శతాబ్దంలో రైస్ మిల్లులు ఊరూరా వెలిశాయి. కూలి ఇంటికి కూడా తెల్లబియ్యం అందింది. పక్కన పప్పు, కూర మాత్రం అంతగా పెరగలేదు.

ఉప్పుడు బియ్యం దారి వేరు. ధాన్యాన్ని నానబెట్టి, గాబుల్లో ఆవిరి పట్టి, ఎండబోసి ఆ తర్వాత దంచుతారు. నానేటప్పుడు, ఉడికేటప్పుడు తవుడులో, మొలక దగ్గర ఉన్న విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత ఎంత తెల్లగా మర పట్టినా అది పూర్తిగా పోదు. హైదరాబాదు పోషకాహార సంస్థ పట్టికల్లో నూరు గ్రాములకు మర పట్టిన పచ్చి బియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు, దంపుడు పచ్చి బియ్యంలో 0.21, మర పట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21. సజ్జలో 0.33, జొన్నలో 0.37, రాగిలో 0.42. పెద్దవాళ్లకు రోజుకు మిల్లీగ్రాముకు కొంచెం పైన కావాలి. అరకిలో తెల్ల పచ్చి బియ్యం వండకముందే 0.3 ఇస్తుంది. అరకిలో సజ్జ 1.65 ఇస్తుంది. అవినాశి మెట్టరైతు పేదరికంతో తిన్న సజ్జ సంకటి అతని కాళ్లను కాపాడింది. డెల్టా కూలికి గొప్పగా తోచిన తెల్లన్నం అతని చీలమండల్లో నీరు నింపింది.

అన్నిటికంటే బాధాకరమైనది పసిపిల్లల సంగతి. తల్లికి వాపు పైకి కనిపించకపోయినా పాలలో విటమిన్ తక్కువైతే, రెండో నెల నుంచి అయిదో నెల మధ్య బిడ్డ పాలు కక్కి, గొంతు బొంగురుపోయి, హఠాత్తుగా గుండె ఆగి చనిపోతుంది. మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలు ఆ వయసులో ఎక్కువగా ఉన్నాయని ఐక్రాయిడ్, కృష్ణన్ 1941లో చూపారు. బాలింతకు పథ్యం పేరుతో పప్పు, కూర తగ్గించి అన్నం, చారుతో సరిపెట్టే చోట ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

చికిత్స తేలికే. థయమిన్ సూది వేస్తే గుండెబెరిబెరి గంటల్లోనే తిరుగుతుంది. నరాల నష్టం పూడడానికి నెలలు పడుతుంది. అసలు కష్టం ఊరందరి కంచం మార్చడంలో ఉంది. గాంధీ 1934లో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి దంపుడు బియ్యం కోసం గట్టిగా ప్రచారం చేశారు. స్వాతంత్ర్యం తర్వాత దంపుడు పనివాళ్ల జీవనం కాపాడాలని 1958లో రైస్ మిల్లుల క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. మరల జోరు ముందు అది నిలవలేదు, 1997లో రద్దయింది. అదే 1958లో కూనూరు పరిశోధనశాల హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సర్కారు తీరంలో బెరిబెరి ఈలోగా సన్నగిల్లింది. పప్పు, కూరగాయలు, పాలు, గుడ్లు పెరగడం, విటమిన్ మాత్రలు చవకగా దొరకడం దానికి తోడ్పడ్డాయి.

కొంగునాటితో సహా మెట్ట ప్రాంతాల కంచం కూడా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం, తమిళనాడులో 2011 నుంచి ఉచిత బియ్యం వచ్చాక సజ్జ, జొన్న రోజువారీ తిండిలో మరింత తగ్గాయి. అవినాశి ఇప్పుడు తిరుప్పూరు బనియన్ పరిశ్రమ నీడలో ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర, గుడ్డ తనిఖీ దగ్గర గంటల తరబడి నిలబడేవారికి సాయంత్రానికి చీలమండలు బరువెక్కుతాయి. పిక్కలు కదలకపోతే సిరల్లో రక్తం పైకి ఎక్కదు. కాలు కదిపే పని, మధ్యలో కూర్చునే వీలు, పడుకున్నప్పుడు కాళ్లు ఎత్తుగా పెట్టుకోవడం, వైద్యుడు చెబితే బిగుతు మేజోళ్లు దానికి మందు. నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షను చెప్పింది. దుకాణాల్లో పనిచేసేవారికి తమిళనాడు 2021లో అదే హక్కు ఇచ్చింది.

బెరిబెరి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మద్యానికి బానిసలైనవారిలో, వాంతులు ఆగని గర్భిణుల్లో, తెల్లన్నం తప్ప మరేదీ తినని ఇళ్లలో కనిపిస్తుంది. కాళ్ల వాపుతో ఆయాసం వచ్చినా, ఒక్క కాలే నొప్పితో వాచినా, గర్భిణికి ముఖం కూడా ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇటీవలి ఏళ్లలో చౌకధరల దుకాణాలకు వచ్చిన బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. థయమిన్ కలపడం మాత్రం తయారీదారు ఇష్టానికే వదిలేశారు.