తలుపు తట్టే క్రీస్తు: రస్కిన్ ఎత్తని గొళ్లెం మాట

క్రైస్తవ బోధనలో చిత్రాల గురించి రాసేవారంతా పోప్ గ్రెగరీ దగ్గర మొదలుపెట్టి, చదువురానివారికి బొమ్మే పుస్తకమన్న మాట అప్పజెప్పి ముందుకు సాగుతారు. నా పేచీ ఆయనతో కాదు, ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌తో.

హోల్మన్ హంట్ 1851-53 మధ్య గీసిన ‘లోకపు వెలుగు’కి ఆధారం క్రీస్తు తలుపు దగ్గర నిలిచి తట్టే ప్రకటన గ్రంథం 3:20. 1854లో రాయల్ అకాడమీ ప్రదర్శనకొచ్చినప్పుడు చాలామందికి అది అంతుపట్టలేదు. ఆ మే నెలలో రస్కిన్ ‘ది టైమ్స్’ పత్రికకు లేఖ రాశాడు. తలుపంటే మానవాత్మ, లాంతరు మనస్సాక్షి, తుప్పుపట్టిన మేకులూ అల్లుకున్న తీగలూ ఆ తలుపు ఎన్నడూ తెరుచుకోలేదనడానికి గుర్తులు. గైడు పుస్తకంలా ఒక్కో వస్తువుకీ ఒక్కో అర్థం. ఆ లేఖే లేకపోతే చిత్రానికి అంత ఆదరణ దక్కేది కాదంటారు, కావచ్చు.

పాలమూరు పల్లెలో ఒక సండే స్కూలులో ఈ చిత్రం నకలు చూపించగా విన్నాను. టీచరమ్మ ఇంకా నోరు తెరవకముందే ఒక పిల్లవాడు, “బయట గొళ్లెం లేదు టీచర్” అన్నాడు. పక్కనున్న పాప గడపలో మొలిచిన పిచ్చిమొక్కలు చూసి, “ఇంట్లోవాళ్లు వలస పోయిన్రు, పాపం ఆయనకు తెల్వదు” అంది. తరగతి నవ్వింది. టీచరమ్మ వెంటనే తలుపంటే హృదయమని చెప్పి పాఠం ముగించింది. (ఆమెను తప్పుపట్టను, ఆమెకూ అలాగే నేర్పారు.)

ఆ రెండు మాటల్లో ఎంత వేదాంతముందో చూడండి. బయట పిడి లేకపోవడమే చిత్రానికి ప్రాణం: దేవుడు తట్టగలడు, తెరవాల్సింది లోపలివాడే. ఇది కావాలనే చేశానని హంట్ తర్వాత చెప్పుకున్నాడు. రస్కిన్ లేఖలో గబ్బిలం ఉంది, ముళ్లపొదలున్నాయి, పిడి ఊసే లేదు! ఇక పాప చెప్పింది ఆయన మాటకు పూర్తిగా అడ్డం. ఆమె లెక్కలో ఆ తలుపు ఒకప్పుడు తెరిచిందే, ఉన్నవాళ్లే విడిచిపోయారు. విశ్వాసం ఎరగనివాడికీ, ఎరిగి వదిలేసినవాడికీ తేడా అదే. చిన్నపిల్ల అంత లోతుగా ఆలోచించిందా అని అడగవచ్చు. ఆలోచించకపోయినా చిత్రం ఆమె చేత ఆ మాట అనిపించింది.

కాబట్టి చిత్రం సిద్ధాంతానికి బొమ్మ కాదు, దాన్ని వెతికించే సాధనం. అర్థాల పట్టీ ముందే చేతికిచ్చే బోధన మన దగ్గర మాత్రమే కాదు, ఎక్కడైనా చిత్రాన్ని చంపుతుందనే అంటాను. 1905-07లో హంట్ పెద్ద ప్రతి కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలు తిరిగినప్పుడు విరగబడి వచ్చిన జనమంతా రస్కిన్‌ని చదివి వచ్చినవాళ్లు కారు.

సండే స్కూలు టీచర్లకు ఒకటే మనవి: చిత్రం గోడకు తగిలించాక ఐదు నిమిషాలు మీరేమీ మాట్లాడకండి.