రెండు పౌనుల గుడ్డముక్కలు



మన పల్లెలలో బొంత ఎరుగని యిల్లు అరుదు. అవ్వ కట్టి విడిచిన చీరలు, తాత పంచెలు, దర్జీ కొట్టులో మిగిలిన పేలికలు పొరమీద పొరగా పరచి, పొడవైన కుట్లు వేసినయెడల చలికాలమునకు పడక సిద్ధమగుచుండెను. నేడైతే మన బీరువాలలో కట్టని బట్టలును, కుట్టుమిషను సొరుగులలో వాడని దారపు ఉండలును నిండియున్నవి. వాటిని ఎవరికైనను ఇచ్చివేయవలెనని తలంచుచున్నాము. మంచి తలంపే. అయితే ఎట్లు ఇయ్యవలెను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల చరిత్ర యొకటి కలదు.

పూర్వము ఇంగ్లండు దేశములో చిన్న దొంగతనములకు సైతము ద్వీపాంతరవాస శిక్ష విధించుచుండిరి. 1788వ సంవత్సరము మొదలుకొని ఓడలు ఖైదీలను ఆస్ట్రేలియాకు చేర్చుచుండెను. వారిలో స్త్రీలు అనేకులు. లండను నగరములోని న్యూగేటు చెరసాలను ఎలిజబెత్ ఫ్రై అను భక్తురాలు 1813లో దర్శించెను. ఆమె క్వేకరులనబడు క్రైస్తవ సమాజమునకు చెందినది, బిడ్డల తల్లి. అక్కడ సుమారు మూడు వందలమంది స్త్రీలు తమ పిల్లలతోకూడ కిక్కిరిసి, సరియైన పడకలైనను లేక, చేయుటకు పనియులేక పడియుండిరి. 1817లో ఆమె కొందరు స్త్రీలను కూర్చుకొని పిల్లలకు బడిని, తల్లులకు కుట్టుపనిని ఏర్పాటుచేసెను. అచ్చటి నియమములను ఆమె తానే విధింపలేదు. ఒక్కొక్క నియమమును చదివి, ఖైదీ స్త్రీల సమ్మతి అడిగెను. చేయి యెత్తి ఒప్పుకొనుటకైనను వారికి హక్కు కలదని ఆమె యెంచెను.

1818లో మరియ అను ఓడ 128 మంది స్త్రీలను ఎక్కించుకొని బయలుదేరవలసియుండెను. అంతకుముందు అట్టివారిని సంకెళ్లతో, మూతలేని బండ్లలో, జనులు గేలిచేయుచుండగా రేవునకు తీసికొనిపోవుచుండిరి. ఎలిజబెత్ అధికారులను బతిమాలి, వారిని మూసిన బండ్లలో పంపునట్లు చేసి, తానును వారి వెంట వెళ్లెను. ఓడమీద మరియొక చిక్కు కనబడెను. ప్రయాణము నెలల తరబడి సాగును. పనిలేని చేతులు ఏమి చేయును? క్రొత్త దేశములో అతుకుల పనికి గిరాకి కలదని వినిన ఆ సహోదరీలు, లండనులోని మాంచెస్టరు నూలుగుడ్డల వర్తకులను అడిగిరి. అమ్ముడుపోని రంగురంగుల ముక్కలు కొలది దినములలోనే సమకూడెను.

తరువాతి సంవత్సరములలో వారు ఒక్కొక్క స్త్రీకి ఒక సంచి ఇచ్చుట వాడుక చేసికొనిరి. అందులో ఏమి యుండెనో వినుడి: రెండు పౌనుల గుడ్డముక్కలు, అనగా సుమారు 900 గ్రాములు, నూరు సూదులు, ఒక ఔన్సు గుండుసూదులు, తెల్ల దారపు ఉండలు నాలుగు, నలుపు, నీలము, ఎరుపు ఒక్కొక్కటి, రంగు నూలు చిలుకలు ఇరువదినాలుగు, వ్రేలికి తొడుగు, కత్తెర, చూపు మందగించినవారికి కండ్లద్దాలు. వీటితోకూడ ఒక బైబిలు. ముక్కలు మాత్రమే ఇచ్చియుండినయెడల అవి చెత్తగానే మిగిలియుండును. సూది మొదలుకొని కండ్లద్దాల వరకు తలంచిన ప్రేమ ఆ చెత్తను జీవనాధారముగా మార్చెను.

1841 ఏప్రిల్ 5వ తేదీన రాజా అను ఓడ 180 మంది ఖైదీ స్త్రీలతో బయలుదేరెను. వారిని కనిపెట్టుటకు కేజియా హేటర్ అను యువతి వెంట వెళ్లెను. జూలై 19న ఓడ నేటి టాస్మేనియాలోని హోబర్టు రేవును చేరునాటికి వారు ఒక గొప్ప దుప్పటిని కుట్టియుండిరి. అందులో 2,815 ముక్కలు కలవు. నడుమ పూలు, పక్షులుగల అచ్చుగుడ్డలను కత్తిరించి అతికిరి. అట్టి పూలగుడ్డలమీద ఇంగ్లండువారికి మొదట మక్కువ పుట్టినది మన మచిలీపట్నము మొదలగు తీరములనుండి పోయిన కలంకారి గుడ్డలవలననే. దుప్పటి అంచున, తమకు సామగ్రి ఇచ్చిన సహోదరీలకు కృతజ్ఞత తెలుపు మాటలు కుట్టబడియున్నవి. పుచ్చుకొనినవారే ఇచ్చువారైరి! 1989 నుండి ఆ దుప్పటి కాన్‌బెర్రా నగరమందు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో నున్నది. సూది గ్రుచ్చుకొనిన వ్రేళ్ల నెత్తుటి మచ్చలు ఇంకను దానిమీద కనబడుచున్నవి. కుట్టు ఎరుగని చేతులు ఓర్పుతో నేర్చుకొనినవని వాటివలన తెలిసికొనవచ్చును.

ఆ సంచులు ఆ క్రూరమైన శిక్షను ఆపలేదు. టాస్మేనియాకు ఖైదీలను పంపుట 1853 వరకు నిలువలేదు. ఎలిజబెత్ 1845లోనే ప్రభువునందు నిద్రించెను. శిక్షను తీసివేయుట ఆమె చేతిలో లేదు. సంచిని నింపుట ఆమె చేతిలో నుండెను. చేతిలోనున్నది ఆమె చేసెను.

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు నా తప్పు జ్ఞాపకము వచ్చెను. ఒక క్రిస్మసు దినమున పాతబట్టల మూటను ఒక విధవరాలికిచ్చి సంతోషించితిని. ఆమె మూట విప్పి, చిరుగులు చూచి, “అయ్యగారూ, కాస్త సూదీ దారమూ కూడా ఇప్పిస్తారా?” అని అడిగెను. నాయొద్ద లేవు. నేను ఇచ్చినది ఆమె అవసరము చూచి కాదు, నా బీరువా ఖాళీయగుటకే. కుంటిదానిని, రోగముగలదానిని బలిపీఠమునకు తెచ్చినవారిని మలాకీ ప్రవక్త గద్దించెను (మలాకీ 1:8). ఆ గద్దింపు ఆ దినమున నాకును తగెను.

ప్రియులారా, మనము ఇచ్చునప్పుడు బట్టను ఉతికి, ఆరబెట్టి, మడిచి ఇత్తము. చివికిపోయినదానిని ఇంటనే మసిగుడ్డగా వాడుకొని, కుట్టు నిలుచుదానినే ఇత్తము. గుడ్డతోకూడ సూది, దారము, కత్తెర పెట్టుదము. మూలనున్న మిషను ఇచ్చినయెడల, నేర్పుటకు వారమునకు ఒక సాయంకాలమును ఇత్తము. స్త్రీల సమాజపు సహోదరీలు దర్జీల యొద్ద మిగిలిన ముక్కలను అడిగి కూర్చవచ్చును. కుట్టినదానిని ఉంచుకొందురో, అమ్ముకొందురో పుచ్చుకొనినవారి యిష్టమునకు విడుచుదము.

అయిదు వేలమంది తిని తృప్తిపొందిన తరువాతను, ఏదియు నష్టపడకుండ ముక్కలు పోగుచేయుమని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను (యోహాను 6:12). యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపినది ఆమె కుట్టిన బట్టలనే (అపొ. కార్య. 9:39). ఈ వారము మీ పెట్టె తెరచి చూడుడి. అందున్న ముక్కలకు ఒక సూదిని చేర్చుడి. ప్రభువు మీ చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.