పదవి విడుచు విద్య

పదవిని చేపట్టు దినమున తోరణములు, పూలమాలలు, ఉపన్యాసములు నుండును. దానిని విడుచు దినమున ఖాళీ కుర్చీ యొక్కటే మిగులును. అందుచేతనే కాబోలు, పదవి నెట్లు సంపాదింపవలెనో బోధించువారు పలువురు గలరు గాని, యెప్పుడు దిగవలెనో, యెట్లు దిగవలెనో చెప్పువారు అరుదు. మన సంఘములలోను, గ్రంథాలయములలోను, తుదకు గృహములలోను పుట్టు కలహములు పెక్కు ఈ విద్య తెలియకపోవుటచేతనే పుట్టుచున్నవి. ఇందుకు తగిన పాఠము తెలంగాణపు చరిత్రలోనే కలదు. ఆ పాఠమునకు నిజామాబాదు పట్టణము మంచి ఆరంభస్థలము.

1937వ సంవత్సరమున నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ఆరవ సమావేశము నిజామాబాదులో జరిగెను. మంజీరా నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఆ జిల్లా పొలములు పచ్చబడుచుండెను. చెరకు తోటలు పెరుగుచుండెను. బోధనులో గొప్ప చక్కెర కర్మాగారము తలయెత్తుచున్న దినములవి. అట్టి వేళ నచట సభకు అధ్యక్షత వహించినవారు, 'రయ్యత్' అను ఉర్దూ పత్రికను నడపిన మందుముల నరసింగరావుగారు. సమావేశము ముగిసెను, కొంతకాలమునకు 1940లో మల్కాపురమున మరల సభ కూడినప్పుడు పీఠముపై మందుముల రామచంద్రరావుగారు కూర్చుండిరి. ఇందు వింతయేమని చదువరు లడుగవచ్చును. వింత లేకపోవుటయే యిచటి విశేషము.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారు, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారు, 1934లో ఖమ్మములో పులిజాల వేంకటరంగారావుగారు, 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారు, 1936లో షాద్‌నగరులో కొండా వేంకటరంగారెడ్డిగారు అధ్యక్షులైరి. జోగిపేట మొదలు 1944లో భువనగిరి వరకు పదునొకండు సమావేశములు జరుగగా, ఆ పీఠము నధిష్ఠించినవారు తొమ్మండుగురు. ఇద్దరు మాత్రమే రెండేసి మారులు కూర్చుండిరి. సభతోపాటు జరిగిన మహిళాసభలయందును ఇదే రీతి కనబడుచున్నది. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారు, ఖమ్మములో యెల్లాప్రగడ సీతాకుమారిగారు, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవిగారు అధ్యక్షురాండ్రైరి. బహిరంగ సభలో స్త్రీ మాటాడుటయే సాహసముగ నెంచబడిన కాలమున, పీఠము చేతులు మారుటవలన నాయకురాండ్ర సంఖ్య పెరిగెను.

వీరిలో మాడపాటివారి నడవడి విశేషముగ గమనింపదగినది. 1921లో ఆంధ్ర జనసంఘము పుట్టిననాటినుండి ఆ యుద్యమభారమును మోసినవారిలో ఆయన ముఖ్యులు. మహాసభ యేర్పడినప్పుడు మొదటి పీఠము తనదేయనిన కాదనువారుండి యుండరు. అయినను ఆయన వంతు నాలుగవ సమావేశమునగాని రాలేదు. పీఠము లేని దినములలో ఆయనకు పనిలేకపోలేదు. బాలికల పాఠశాల యుండెను, గ్రంథాలయ ముండెను, సంఘపు ఉత్తర ప్రత్యుత్తరము లుండెను. సురవరమువారికి 'గోలకొండ పత్రిక' యుండెను. పదవి తప్ప వేరు పనిలేనివానికి పదవి విడుచుట ప్రాణము విడుచుటవలె తోచును. పనిని ప్రేమించువానికి అది గది మారుటవంటిది.

అయితే వంతు ముగిసినపుడు దిగుట సులభము. తన మతము ఓడినపుడు దిగుట కష్టము. ఆ పరీక్ష 1944లో వచ్చెను. అప్పటికి సభలో వామపక్షీయులు బలపడి యుండిరి. భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. సభ్యత్వ రుసుము ఒక అణాకు తగ్గి, సామాన్య రైతుకును సభాద్వారము తెరువబడెను. మితవాదులైన పెద్దలు దూరముగ నిలిచి, పిదప వేరుగ సభలు జరుపుకొనిరి. సిద్ధాంతభేదము నిజమైనప్పుడు కలిసియుండుట కపటమగునని వారి పక్షమున చెప్పవచ్చును. కాని పీఠము దిగుట వేరు, ఇల్లు వెడలుట వేరు. మొదటిది నేర్చినవారికి సయితము రెండవదానిని తప్పించుకొనుట సాధ్యము గాకపోయెను. ఒకే పేర రెండు సభలు వెలసినప్పుడు నష్టపడినది ఆ పేరును నమ్మిన గ్రామవాసియే.

ఇక 1956 సంగతి. దేవరకొండ సభాధ్యక్షులైన బూర్గులవారు 1952 మార్చిలో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లో, తెలంగాణము కొంతకాలము వేరుగ నుండుట మేలని సూచించెను. అయినను విలీనమునకే నిర్ణయము జరిగెను. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందమునకు తెలంగాణము పక్షమున సమ్మతించిన నలుగురిలో బూర్గులవారొకరు. నవంబరు 1న ఆయన పదవియే గాక, ఆ పదవి నిలిచిన రాష్ట్రమే లేకపోయెను. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయెను. కొత్త ఆంధ్రప్రదేశమునకు నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. బూర్గులవారు అదే నెలలో కేరళకు గవర్నరుగ వెడలిరి. కుర్చీకై కలహము లేదు. వ్యక్తిగత మర్యాద దృష్ట్యా ఇంతకంటె హుందాయైన నిష్క్రమణము అరుదు.

కాని చరిత్ర మరియొక ప్రశ్న నడుగును. వెడలిపోయినవాని గౌరవము నిలిచినది. అతడు వదలిపోయినవారి క్షేమము నిలిచినదా? ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని ఒప్పందము చెప్పెను. మొదటి మంత్రివర్గమునందే ఉపముఖ్యమంత్రి లేకపోయెను. మాట నిలువలేదన్న బాధ 1969లో పెద్ద ఆందోళనమై ప్రజ్వరిల్లెను. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. దోషము ముఖ్యముగ మాట తప్పినవారిదే. అయినను, అప్పగింత పత్రమును కాపాడు అధికారి నెవ్వనిని నియమింపకయే అప్పగించుట యెంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది.

బోధను చుట్టుపట్ల రైతు ఈ ధర్మమును గ్రంథములు చదువకయే యెరుగును. చెరకును నరకునప్పుడు నేలమట్టమునకు నరకవలెను; మోడు ఎత్తుగ మిగిలినచో తరువాతి కార్శి తోట బలహీనమగును. వెడలువాడు తనలో కొంత భాగమును గద్దెపైననే మిగుల్చుకొనగోరిన, క్రింది పిలకలు ఎదుగవు. అట్లని నరికి వదలిపెట్టిన చాలదు. కార్శికి నీరును ఎరువును కావలెను. ఆసియాలో గొప్పదని పేరుపొందిన బోధను కర్మాగారమునే చూడుడు. 2002లో ప్రభుత్వము దాని అధిక భాగమును ప్రైవేటువారి వశము చేసెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. కార్మికులు జీతములు లేక, రైతులు చెరకును దూరపు మిల్లులకు తోలలేక కష్టములపాలైరి. చేయి విడుచుట వేరు, చేతికిచ్చుట వేరు.

కావున వెడలువాడు మూడు కార్యములను మరువరాదు. తన గడువును పదవిలో ప్రవేశించిననాడే నిర్ణయించుకొనవలెను. లెక్కలను, మాటయిచ్చిన సంగతులను వ్రాతమూలముగ, పదిమంది యెదుట అప్పగింపవలెను. దిగిన పిమ్మట అడిగిననాడు సలహా చెప్పవలెనే గాని, తెరవెనుకనుండి ఆజ్ఞ చేయరాదు. కోడలికి తాళపుచెవు లిచ్చియు, బియ్యపుగది గడపపై కూర్చుండు అత్తగారు తాళపుచెవు లిచ్చినట్లా? గ్రామ గ్రంథాలయ కార్యదర్శి మొదలు రాష్ట్రాధినేత వరకు ఈ ప్రశ్న యొక్కటే. తాను లేనినాడు పని యాగినచో అది తన గొప్పతనమునకు సాక్ష్యమని కొందరు మురియుదురు. నిజమునకు అది తన పనిలో మిగిలిపోయిన లోపమునకు సాక్ష్యము.